బాలల సత్వర చికిత్సా కేంద్రాలు: పునాది దశలోనే శ్రద్ధ వహించవలసిన అంశాలు

పుట్టుకతో వచ్చే లోపాలు, పోషకాహార లోపాలు, బాల్య వ్యాధులు, వైకల్యంతో సహా ఎదుగుదలలో జాప్యం. ఈ నాలుగింటినీ పసితనంలోనే గుర్తించే లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2013 ఫిబ్రవరిలో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమాన్ని ప్రారంభించింది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు గల బాలలకు ఇది వర్తిస్తుంది. సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలలో ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలల్లో ఒకసారి పరీక్షలు జరిపి, అవసరమైన వారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతాయి.

ఒకసారి చూపించుకొని మందులతో తిరిగి వెళ్లే ఆసుపత్రి వంటిది కాదు ఈ కేంద్రం. సెరిబ్రల్ పాల్సీ గల శిశువుకు ఫిజియోథెరపీ, మాట ఆలస్యమైన శిశువుకు స్పీచ్ థెరపీ నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏళ్ల తరబడి సాగవలసి ఉంటుంది. బిడ్డను చంకనెత్తుకొని బస్సు దిగిన తల్లికి పై అంతస్తు మెట్లు ఎదురైతే, బిడ్డ బరువు పెరిగేకొద్దీ రాకపోకలు తగ్గి చికిత్స మధ్యలోనే ఆగిపోయే ప్రమాదం ఉన్నది. కనుక ఇటువంటి కేంద్రానికి కింది అంతస్తే తగినది.

ర్యాంపు వాలు 1:12కు మించరాదు. గచ్చు ఎత్తు 45 సెంటీమీటర్లయితే 5.4 మీటర్ల ర్యాంపు, 60 సెంటీమీటర్లయితే 7.2 మీటర్ల ర్యాంపు అవసరమవుతుంది. ఈ స్థలాన్ని నమూనా దశలోనే కేటాయించాలి. భవనం పూర్తయ్యాక మెట్ల పక్కన మిగిలిన జాగాలో పోసిన ర్యాంపు చక్రాల కుర్చీకన్నా మోటారు సైకిళ్లకే ఎక్కువగా ఉపయోగపడుతుంది.

ద్వారబంధాల మధ్య కనీసం 90 సెంటీమీటర్ల ఖాళీ, చక్రాల కుర్చీ తిరగడానికి 1.5 మీటర్ల వ్యాసం గల జాగా ఉండాలి. చేతిపట్టు కమ్మీలు రెండు ఎత్తులలో అమర్చితే కింది కమ్మీ పిల్లలకు అందుతుంది. మరుగుదొడ్డి తలుపు బయటికి తెరుచుకోవాలి; లోపల బిడ్డ తలుపుకు అడ్డంగా పడిపోతే లోనికి తెరిచే తలుపును తోయడం కష్టం. పెద్ద పిల్లల బట్టలు మార్చేందుకు వెడల్పాటి బల్ల కూడా అక్కడే అవసరం. సాధారణంగా నమూనాలలో దీనికి చోటు దొరకదు. వినికిడి పరీక్షల గదిని జనరేటరుకు, రహదారికి దూరంగా ఉంచాలి. ఆటిజం గల పిల్లలకు రద్దీ, కేకలు భరించరానివి. వారు వేచి ఉండేందుకు విడిగా ఒక నిశ్శబ్దమైన గది కేటాయించడం మేలు.

నిబంధనలకు అనుగుణంగా లేని భవన నమూనాకు అనుమతి గాని, పూర్తయినట్లు ధ్రువపత్రం గాని ఇవ్వరాదని దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 44వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. సుగమ్యతా ప్రమాణాలు కేవలం సిఫారసులుగా మిగిలిపోరాదని, తప్పనిసరి నిబంధనలు రూపొందించాలని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న కేంద్రాన్ని ఆదేశించింది.

పునాదులకు ముగ్గు పోసిన రోజే ఫిజియోథెరపిస్టును, ఒకరిద్దరు తల్లిదండ్రులను నిర్మాణ స్థలానికి పిలిపించి, ముగ్గు గీతల మధ్య చక్రాల కుర్చీని తిప్పించి చూడడం ఇంజనీర్లకు ఖర్చులేని పని. గోడ లేచిన తరువాత మార్చవలసి వచ్చే ద్వారం ఆనాడు చెరిపి గీయగల గీత మాత్రమే.