మంచుహాకీ జట్లు – రాబోవు నగరములు

హాకీ యనగానే మన విద్యార్థులకు పచ్చికబయలును, వంపుకఱ్ఱయు, తెల్లని బంతియు స్ఫురించును. ఉత్తర అమెరికాలో నా మాటకు అర్థము వేఱు. అచ్చటివారు ఉక్కు అంచులుగల జోళ్లు తొడిగి, మంచుగడ్డపై జారుచు, బంతికి మారుగా నల్లని రబ్బరుబిళ్లను కొట్టుదురు. ఈ యాటను వృత్తిగా నాడు జట్లలో ప్రధానమైనవాని కూటమికి నేషనల్ హాకీ లీగు అని పేరు. అది 1917లో కెనడాలోని మాంట్రియలు నగరమున స్థాపింపబడెను. 1942 మొదలు 1967 వఱకు దానియందు ఆఱు జట్లే యుండెను. 1967లో మఱి యాఱు చేరెను. 2021లో సియాటిలు చేరుటతో జట్ల సంఖ్య 32 అయ్యెను. ముప్పదిమూడవ జట్టు ఏ యూరికి దక్కునను ప్రశ్న యిప్పుడు పలువురి నోట వినబడుచున్నది.

చలిదేశమునకే ఈ యాట తగునని తలంపరాదు. కాంక్రీటు నేలలోని గొట్టములగుండ అతిశీతలమైన ఉప్పునీటిని పారించి, పైన నీరు చల్లినచో, ఎడారియందైనను అంగుళము మందమున మంచు పేరును. ఎడారినగరమైన లాస్ వేగసు 2017లో లీగున చేరి, 2023లో స్టాన్లీ కప్పును గెలిచెను. కావున వలసినవి మూడు: తగిన ఆటశాల, ధనవంతుడగు యజమాని, విడువక వచ్చు ప్రేక్షకులు. ప్రవేశమునకై లాస్ వేగసు 50 కోట్ల డాలర్లును, సియాటిలు 65 కోట్ల డాలర్లును చెల్లించినవి.

ఈ కొలతతో జూచిన, టెక్సస్‌లోని హ్యూస్టను ముందు నిలుచును. జనసంఖ్యలో నది అమెరికా నగరములలో నాల్గవది. పెద్ద ఆటశాల కలదు. అదే రాష్ట్రములో 1993 నుండి డాలసు జట్టు ఉండుటచే సహజమైన పోటీయు దొరకును. తెలుగు కుటుంబములు పెక్కు నివసించు మఱియొక నగరము ఆట్లాంటా. దాని మొదటి జట్టు 1980లో కాల్గరీకిని, రెండవది 2011లో విన్నిపెగ్గునకును తరలిపోయెను. అయినను నగరపు ఉత్తరశివారులలో నూతన ఆటశాలలు కట్టి మూడవమాఱు యత్నింపవలెనని కొందఱు వాదించుచున్నారు. రెండు జట్లు పోయినది ప్రేక్షకుల లోపముచేతనే కాదు. యజమానుల నష్టములును, కలహములును కారణములైనవి.

కెనడాలోని క్విబెకు నగరపు స్థితి శోచనీయము. 1995లో దాని జట్టు డెన్వరునకు పోయెను. మరల వచ్చునను ఆశతో 2015లో 18,000 మంది కూర్చుండదగిన ఆటశాలను నిర్మించిరి. జట్టు మాత్రము రాలేదు. ఆటను ప్రాణముగా నెంచు ప్రజ యున్నను, నగరము చిన్నది. రాబడి కెనడా డాలర్లలోను, ఆటగాండ్ర జీతములు అమెరికా డాలర్లలోను ఉండుట వేఱొక చిక్కు. ప్రేమ యున్నచోట ధనము చాలదు. ధనమున్నచోట ప్రేమ నిలుచునో లేదో తెలియదు. ఫీనిక్సు ప్రాంతమున 1996 నుండి ఆడిన జట్టు, తగిన ఆటశాల లేక, చివర రెండేండ్లు ఐదువేలమందికైనను చోటులేని విశ్వవిద్యాలయపు శాలలో నాడి, 2024లో సాల్ట్ లేక్ సిటీకి తరలెను. ఆ జట్టును జూచి ఆట నేర్చిన బాలుర నష్టమును ఏ లెక్కలో వ్రాయుదురు?

2024లో ఆఱు జట్లతో నారంభమైన స్త్రీల వృత్తిలీగు మేలైన దారి చూపినది. తమకు జట్లులేని నగరములు మొదలగు తావులలో తొమ్మిది ఆటలాడించి, వచ్చిన జనమును గమనించి, పిదప 2025లో వాంకూవరును, సియాటిలును చేర్చుకొనెను. విత్తుటకు ముందు నేలను పరీక్షించుట రైతు నేర్పు. పురుషుల లీగు పెద్దలును ఆ నేర్పునే అవలంబించినచో, హ్యూస్టనుకు గాని ఆట్లాంటాకు గాని వచ్చు జట్టు అచ్చట వేరూనునని మా యూహ.