చిగుళ్ల నుంచి గుండె దాకా

తోముతుంటే బ్రష్షుకు రక్తం అంటిందంటే చాలామంది ఆ చోటు వదిలేసి మిగతా పళ్లు తోముకుంటారు. మెత్తటి బ్రష్షుతో జాగ్రత్తగా తోమవలసింది అక్కడే. 1965లో డెన్మార్కులో హారాల్డ్ లోయె అనే శాస్త్రవేత్త 12 మంది ఆరోగ్యవంతుల చేత పళ్లు తోమడం పూర్తిగా మాన్పించాడు. కొందరికి పది రోజులకే, మూడు వారాలు తిరిగేసరికి అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక వారం పది రోజుల్లో సర్దుకున్నాయి.

తోమకపోతే పంటి మీద పేరుకునే పొర మెత్తగా ఉన్నంతకాలం పాచి, బ్రష్షుకు పోతుంది. లాలాజలంలోని కాల్షియం చేరి గట్టిపడితే గార, దాన్ని పళ్ల డాక్టరు తీయాల్సిందే. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయన్న భయం మనవాళ్లలో బాగా పాతుకుపోయింది. వదులు చేసేది క్లీనింగ్ కాదు. గార పేరుకున్న చోట చిగురూ ఎముకా అప్పటికే తగ్గిపోయి ఉంటాయి. గార తీశాక ఆ సంగతి బయటపడుతుంది, అంతే. ఈ అపోహతో ఎంతమంది గట్టి పళ్లు పోగొట్టుకున్నారో తలుచుకుంటే బాధేస్తుంది.

ఇక గుండె సంగతి. గుండెపోటు వచ్చినవాళ్ల నోళ్లు, రానివాళ్ల నోళ్ల కంటే ఎక్కువ పాడై ఉన్నాయని 1989లో ఫిన్లండ్ వైద్యులు గమనించారు. 2010లో స్కాట్లండ్‌లో 11 వేల మందికి పైగా పరిశీలించినప్పుడు, రోజుకు ఒక్కసారైనా తోమనివాళ్లకు గుండెజబ్బు ముప్పు రెండుసార్లు తోమేవాళ్ల కంటే 70 శాతం ఎక్కువగా కనిపించింది. వాచిన చిగుళ్ల గుండా సూక్ష్మజీవులు రక్తంలోకి చొరబడతాయి. చిగుళ్లను పాడుచేసే సూక్ష్మజీవుల డి.ఎన్.ఎ. గుండె రక్తనాళాల పూడికల్లోనూ దొరికింది.

అయినా చిగుళ్ల జబ్బే గుండెజబ్బు తెస్తుందని రుజువు కాలేదు. పొగతాగడం వంటి ఉమ్మడి కారణాలు పక్కన పెట్టినా రెంటికీ సంబంధం కనిపిస్తోందని, కారణమని చెప్పడానికి మాత్రం ఆధారాలు చాలవని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో తేల్చింది. పళ్లు తోముకుంటే గుండెపోటు రాదని ఎవరైనా మాటిస్తే నమ్మకండి. కానీ 2007లో వెలువడ్డ ఒక ప్రయోగం నాకు ఆశ కలిగిస్తుంది. తీవ్రమైన చిగుళ్ల జబ్బున్న 120 మందిలో కొందరికి లోతుగా శుభ్రం చేశారు. మర్నాడు వాళ్ల రక్తనాళాల పనితీరు కాస్త తగ్గింది. ఆరు నెలలకు మాత్రం మామూలు చికిత్స పొందినవాళ్ల కంటే మెరుగైంది.

గుండెలో కృత్రిమ కవాటం అమర్చుకున్నవాళ్లు పన్ను తీయించుకునే ముందు ఆ మాట పళ్ల డాక్టరుకు తప్పక చెప్పాలి. నోటి సూక్ష్మజీవులు కవాటం మీద చేరి పెరిగితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే వాళ్లకు ముందుగా యాంటీబయాటిక్ ఇస్తారు.

పొగతాగేవాళ్లకు చిగుళ్లు జబ్బుపడినా రక్తం అంతగా రాదు. నికోటిన్‌కు రక్తనాళాలు ముడుచుకుపోతాయి. రక్తం లేదని నిశ్చింతగా ఉండకూడనిది వీళ్లే.

బీపీకి వేసుకునే ఆమ్లోడిపిన్ వల్ల కొందరికి చిగుళ్లు ఉబ్బి పళ్ల మీదికి పెరుగుతాయి. మాత్ర సొంతంగా ఆపకండి. రాసిచ్చిన డాక్టరు మార్చగలరు. రక్తం పలచబడే మాత్రలకూ ఇదే వర్తిస్తుంది, పన్ను తీయించుకోవాలని వాటిని ఎవరికి వారు మానేస్తే గుండెకే ప్రమాదం.

కింది దవడ నొప్పి అన్నివేళలా పంటిది కాదు. నడిస్తే వచ్చి, ఆగితే తగ్గే దవడ నొప్పి గుండెదయ్యే అవకాశం ఉంది. దానికి చెమటలు, ఆయాసం తోడైతే పళ్ల డాక్టరు కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.