ఆట ఒక్కటే, గడియారాలు వేరు

జగిత్యాల: జిల్లా నుంచి గల్ఫ్‌కు బయలుదేరేవారి పెట్టెలో పచ్చళ్లు, కారప్పొడులు తప్పక ఉంటాయి. క్రికెట్ పిచ్చి పెట్టెలో పెట్టకపోయినా వెంటే వెళుతుంది. అయితే అక్కడ ఆట చూడాలంటే ముందు గడియారం లెక్క తెలియాలి.

దుబాయ్, మస్కట్ మనకంటే గంటన్నర, కువైట్, సౌదీ, ఖతర్ రెండున్నర గంటలు వెనుక ఉంటాయి. ఇక్కడ రాత్రి 7.30కు మొదలయ్యే ఐపీఎల్ ఆట కువైట్‌లో సాయంత్రం 5కే మొదలవుతుంది. పని దిగి, బస్సెక్కి గదికి చేరేసరికి ఎన్నో ఓవర్లు అయిపోతాయి.

2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్ మధ్యాహ్నం 2కు మొదలైంది. మనకు ఆదివారం, సెలవు. కువైట్, సౌదీలలో ఆదివారం పనిదినం. అప్పుడక్కడ ఉదయం 11.30. ఆట కోసం పని మానితే ఆ రోజు కూలి పోయినట్లే.

మరో చిక్కు ఉంది. ప్రసార హక్కులను దేశాలవారీగా అమ్ముతారు. ఇక్కడ డబ్బు కట్టి ఫోన్‌లో పెట్టుకున్న యాప్ అక్కడ చాలాసార్లు ఆట చూపదు. ఇక్కడి సిమ్‌తో, రోమింగ్ ప్యాక్ లేకుండా గంటల తరబడి చూస్తే బిల్లు జీతాన్ని మింగుతుంది. ఏ చానల్‌లో వస్తుందో గదిలోని పాతవారిని అడగడం మేలు.

ఇంట్లోవారికీ ఒక మాట. పగలంతా ఎండలో పనిచేసినవాడు రాత్రి తీరిగ్గా చూసుకుందామనుకుంటాడు. అతను అడగకముందే ఫోన్‌లో ఫలితం చెప్పేయకండి.