గంజి పారబోయకండి... పాస్తా వండుతున్నాం!

పాస్తా అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి రెండే రంగులు. పెళ్లి రిసెప్షన్‌లో లైవ్ కౌంటర్ దగ్గర నిలబడితే అక్కడి అబ్బాయి అడిగే ప్రశ్న కూడా అదే. ‘వైట్ సాసా, రెడ్ సాసా సార్?’ అని. ఏది అడిగినా ప్లేటు నిండా వెన్న, చీజు. కూరగాయలంటారా? నాలుగు కాప్సికం ముక్కలు, పది స్వీట్‌కార్న్ గింజలు. అంతే!

నేను చెప్పబోయే పాస్తాలో ఈ లెక్క తిరగబడుతుంది. కూరలు ఎక్కువ, పాస్తా తక్కువ. సాస్ విడిగా కాచే పని లేదు. మైదా అక్కర్లేదు, క్రీమ్ అక్కర్లేదు. పొయ్యి వెలిగించిన 25 నిమిషాల్లో ప్లేట్లో ఉంటుంది. సాయంత్రం ఆఖరి మీటింగ్ అయ్యేసరికి వండే ఓపిక ఉండదు, బయటి తిండి తినే మనసూ ఉండదు. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి అలాంటప్పుడు ఇది దేవుడిచ్చిన వంట.

పేరు ఇటలీది, ఊరు న్యూయార్క్

దీని పేరు ‘పాస్తా ప్రిమవేరా’. ఇటాలియన్ భాషలో ప్రిమవేరా అంటే వసంతం. పేరు చూసి ఇటలీలో తరతరాలుగా వండుతున్నారేమో అనుకుంటాం. కానీ దీనికి పేరు తెచ్చింది 1970లలో న్యూయార్క్‌లోని ‘లె సర్క్’ అనే రెస్టారెంట్. దాని యజమాని సిరియో మాచ్చోనీ. ఫ్రెంచి వంటలకి పేరుపడ్డ ఆ హోటల్లో మెనూ కార్డు మీద దీని పేరు ఉండేది కాదట. తెలిసినవాళ్లు అడిగి చేయించుకునేవారు. 1977లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక దీని తయారీ అచ్చువేశాక ఊరంతా పాకింది. మొదట ఎవరు చేశారన్నదానికి మాత్రం ఒకరికి మించి హక్కుదారులున్నారు. మంచి వంటకి ఆ గొడవ మామూలే కదా!

ఆ హోటల్ పద్ధతిలో క్రీమ్, వెన్న, చీజు దండిగా పడతాయి. కూరలన్నీ విడివిడిగా ఉడికించాలి. ఇంట్లో అంత హంగామా అక్కర్లేదు. వసంతంలో వచ్చే లేత కూరలు, మంచి నూనె, నిమ్మకాయ ఉంటే చాలు. నేను వండేది ఆ తేలిక రకం.

ఇక్కడి వసంతం కాస్త లేటు

నేను న్యూజెర్సీలో ఉంటాను. పంచాంగం ప్రకారం ఉగాదికే వసంతం వచ్చేసినా, ఇక్కడ ఆ రోజుకి చెట్లకి ఆకులుండవు. స్వెట్టర్ వేసుకునే ఉగాది పచ్చడి తింటాం. అసలు వసంతం ఏప్రిల్ చివర్లో దిగుతుంది. దాన్ని నేను కనిపెట్టేది పూలు చూసి కాదు, శనివారం ఫార్మర్స్ మార్కెట్లో ఆస్పరాగస్ కట్టలు చూసి. మన రైతుబజారు లాంటిదే. పండించినవాళ్లే బల్ల వేసుకుని అమ్ముతారు.

ఆస్పరాగస్ అంటే పెన్సిల్ లావున నేలలోంచి నిలువుగా పొడుచుకొచ్చే పచ్చటి మొలక. మన ఆయుర్వేదంలో వాడే శతావరి దీనికి దగ్గరి చుట్టమే. న్యూజెర్సీకి ఈ పంటతో అనుబంధం కూడా ఉంది. ఇక్కడి రట్గర్స్ యూనివర్సిటీ వాళ్లు ‘జెర్సీ నైట్’, ‘జెర్సీ జయంట్’ లాంటి రకాలు తయారుచేశారు. జూన్ దాటితే ఈ ఊరి పంట అయిపోతుంది. అందుకే ఆ ఆరేడు వారాలు మా వంటింట్లో వారానికోసారైనా ఈ పాస్తా ఉంటుంది.

అమ్మ రెండోసారి వడ్డించుకున్న రోజు

నాన్న పోయిన నాలుగు నెలలకి అమ్మని ఇక్కడికి తీసుకొచ్చాను. కాకినాడలో ఆ ఇంట్లో ఒక్కర్తే ఉంటే తిండి మానేస్తుందని నా భయం. ఫోన్లో ఏం తిన్నావమ్మా అంటే ‘ఒక్కదానికి ఏం వండుకుంటాన్రా’ అనేది.

ఇక్కడికొచ్చాక వంట మానలేదు. నా కోసం గుత్తి వంకాయ, ముక్కల పులుసు, కంద బచ్చలి అన్నీ చేసేది. తను మాత్రం రెండు ముద్దలు మజ్జిగన్నం తిని లేచిపోయేది. ఎందుకో నాకు అర్థం కావడానికి కొన్నాళ్లు పట్టింది. గుత్తి వంకాయ అంటే నాన్నకి ప్రాణం. పులుసులో బెల్లం ఎక్కువైందని నాన్న రోజూ సణిగేవారు. కందలో ఆవ పెట్టడం ఆయన పని. అమ్మ చేతిలో ఉన్న ప్రతి వంటకీ నాన్న మాట ఒకటి అతుక్కుని ఉంది.

ఓ గురువారం రాత్రి నేను ఈ పాస్తా మొదలుపెట్టాను. ప్రత్యేకంగా ఏమీ అనుకోలేదు. ఆ రోజు వంట వంతు నాది, అంతే. అమ్మ వచ్చి పొయ్యి పక్కన అనుమానంగా నిలబడింది.

“ఇందులో గుడ్డు ఉంటుందట్రా?”

“ఈ ప్యాకెట్లో లేదమ్మా. గోధుమ రవ్వే.”

పాస్తా ఉడికాక నీళ్లు వార్చి ఓ గిన్నెలోకి తీసి పక్కన పెట్టాను. అమ్మ ఆ గిన్నెలోకి తొంగి చూసి, వేలు ముంచి చూసింది. “గంజి కదరా ఇది! ఆ మాట ముందే చెప్పొచ్చుగా” అంది. అప్పట్నుంచీ గరిటె తన చేతిలోనే ఉంది.

తినేటప్పుడు సగంలో ఆగి అడిగింది. “మీ నాన్న ఇదెప్పుడూ తినలేదు కదూ?”

“లేదమ్మా.”

ఇంకేం మాట్లాడలేదు. కాసేపటికి తనే లేచి వెళ్లి రెండోసారి వడ్డించుకుంది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక అమ్మ మారు వడ్డించుకోవడం అదే మొదటిసారి.

కిటుకంతా గంజిలోనే

పాస్తాని డ్యూరమ్ అనే గట్టి గోధుమ రవ్వతో చేస్తారు. ఈ గోధుమ మన దేశంలో మధ్యప్రదేశ్‌లో బాగా పండుతుంది. ప్యాకెట్ మీద డ్యూరమ్ వీట్ అని ఉందో లేదో చూసి కొనండి. మైదా కలిసినవి త్వరగా ముద్దవుతాయి.

ఉడికేటప్పుడు పాస్తాలోని పిండి నీళ్లలోకి దిగుతుంది. ఆ గంజిని కూరలున్న మూకుట్లో పోసి మంట పెంచి కలిపితే, నూనె, నీళ్లు విడిపోకుండా చిక్కగా కలిసిపోతాయి. మజ్జిగ పులుసు విరగకుండా శనగపిండి కలుపుతాం చూడండి, అదే సూత్రం. క్రీమ్ లేకుండానే పాస్తాకి మెరుపు, జారుడు వచ్చేది దీనివల్లే. గంజి పారబోసి పాస్తాని చన్నీళ్లతో కడిగితే ఆ పట్టు పోతుంది. అందుకే కడగొద్దు.

ఇంకో మాట. పాస్తా మెత్తగా ఉడకకూడదు. అన్నం పలుకు మీద ఉన్నప్పుడు దించేస్తామే, అలా కొరికితే మధ్యలో కాస్త గట్టిగా తగలాలి. మిగతాది మూకుట్లో ఉడుకుతుంది.

కావలసినవి (ఇద్దరికి)

పాస్తా 150 గ్రాములు (పెన్నే అయినా, స్పైరల్ అయినా సరే), ఆస్పరాగస్ పది కాడలు, పచ్చి బఠాణీ అర కప్పు, లేత జుకినీ ఒకటి, క్యారెట్ ఒకటి, చెర్రీ టొమాటోలు పది, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, ఆలివ్ నూనె రెండు పెద్ద చెంచాలు, చిల్లీ ఫ్లేక్స్ పావు చెంచా, నిమ్మకాయ ఒకటి, మిరియాల పొడి, ఉప్పు, బేసిల్ ఆకులు గుప్పెడు, తురిమిన చీజ్ రెండు పెద్ద చెంచాలు.

తయారీ

ముందు ఒకటిన్నర లీటరు నీళ్లు పొయ్యి మీద పెట్టండి. అవి మరిగేలోపు కూరలు తరిగేయొచ్చు. ఆస్పరాగస్ కాడని రెండు చేతులతో వంచితే ముదురు భాగం దగ్గర టప్‌మని విరుగుతుంది. కింది ముక్క తీసేసి, పైభాగం అంగుళం ముక్కలు చేయండి. క్యారెట్, జుకినీ సన్నగా తరగండి. టొమాటోలు సగానికి కోస్తే చాలు.

నీళ్లు తెర్లుతున్నప్పుడు రెండు చిన్న చెంచాల ఉప్పు వేసి పాస్తా వేయండి. ప్యాకెట్ మీద రాసిన టైమ్ కంటే రెండు నిమిషాల ముందే దించాలి. దించడానికి రెండు నిమిషాల ముందు బఠాణీ కూడా ఆ నీళ్లలోనే వేసేయండి.

ఈలోగా పక్క పొయ్యి మీద వెడల్పాటి మూకుడు పెట్టి, సన్న మంట మీద నూనెలో వెల్లుల్లి చక్రాలు వేయించండి. వాసన రావాలి కానీ ఎర్రబడకూడదు. చిల్లీ ఫ్లేక్స్ వేసి, క్యారెట్ రెండు నిమిషాలు, తర్వాత ఆస్పరాగస్, జుకినీ వేసి మూడు నిమిషాలు వేయించండి. మూత పెట్టొద్దు, పెడితే పచ్చదనం పోతుంది.

ఒక కప్పు గంజి పక్కన తీసుకుని పాస్తాని చిల్లుల గిన్నెలో వార్చి మూకుట్లో వేయండి. అర కప్పు గంజి పోసి, మంట పెంచి రెండు నిమిషాలు ఎగరేస్తూ కలపండి. మెరుపు రాగానే టొమాటోలు వేసి దించేయండి. పొడిగా అనిపిస్తే ఇంకాస్త గంజి పోయండి. చివర్లో నిమ్మ తొక్క పైపొర కొంచెం తురిమి, అర చెక్క రసం పిండి, మిరియాల పొడి, చీజ్, బేసిల్ కలిపితే అయిపోయింది. గంజిలో ఉప్పు ఉంటుంది కాబట్టి రుచి చూశాకే ఉప్పు వేయండి.

శాకాహారులు గమనించాల్సింది

అచ్చమైన ఇటలీ పార్మెజాన్ చీజ్ తయారీలో పాలు విరవడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. కాబట్టి అది శాకాహారం కాదు. మన దగ్గర ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి కొనండి. అమెరికాలో అయితే వెజిటేరియన్ లేదా మైక్రోబియల్ రెన్నెట్ అని రాసి ఉండాలి. తాజాగా చేసి ఫ్రిజ్‌లో అమ్మే మెత్తటి పాస్తాలో తరచూ గుడ్డు ఉంటుంది. ఎండు పాస్తాలో చాలావరకు ఉండదు. అయినా ఒకసారి ప్యాకెట్ చదవడం మంచిది.

కాకినాడ వెర్షన్

సెప్టెంబర్లో అమ్మ ఇండియా వెళ్లిపోయింది. సూట్‌కేసులో రెండు పాస్తా ప్యాకెట్లు పెడితే ‘అక్కడ దొరకవా ఏంటి’ అని తీసేసింది. వెళ్లాక రెండో వారంలోనే వీడియో కాల్‌లో మూకుడు చూపించింది. జుకినీ బదులు లేత బీరకాయ, ఆస్పరాగస్ బదులు బీన్స్. బేసిల్ బదులు కొత్తిమీర. చీజ్ బదులు మోరి జీడిపప్పు దోరగా వేయించి కచ్చాపచ్చాగా దంచి వేసింది. ఈ మార్పుకి నేను కూడా మారిపోయాను. బీన్స్ వేస్తే మాత్రం పాస్తా దించడానికి నాలుగు నిమిషాల ముందే ఆ నీళ్లలో వేయాలి. బీరకాయలో నీరు ఎక్కువ కాబట్టి గంజి కాస్త తగ్గించాలి. ఈ రెండు సవరణలూ అమ్మవే.

ఒక్కరికి వండుకోవడానికి ఇంత వీలైన వంట తక్కువ. 70 గ్రాముల పాస్తా, ఫ్రిజ్‌లో మిగిలిన రెండు మూడు రకాల కూరలు, ఒక గిన్నె, ఒక మూకుడు. మిగలదు, మర్నాటికి ఉండదు. ఇంట్లో ఒంటరిగా ఉన్న అమ్మో, నాన్నో, బాబాయో ‘నా ఒక్కడికీ వంటేంట్రా’ అంటుంటే, వాళ్లకి బాగా తెలిసిన వంటలే మళ్లీ చేసుకోమని బతిమాలకండి. ఇంట్లో ఎవరూ ఎప్పుడూ తినని వంట ఒకటి నేర్పండి. పక్కన నిలబడి గరిటె వాళ్ల చేతికివ్వండి. దూరంలో ఉంటే ఫోన్ గోడకి ఆనించి పెట్టమనండి, ఇద్దరూ ఒకేసారి వండుకోవచ్చు.

మొదటిసారి చేస్తుంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. వార్చే ముందు సింకు పక్కన ఓ ఖాళీ కప్పు పెట్టుకోండి, గంజి కోసం.