పాత కారునకు అయిదవ గేరు

నిలిచియున్న బండిని కదల్చుట కష్టము. కదలిన బండిని నడపుట సులభము. ధాన్యపు బస్తాలతో నిండిన బండిని మొదట కదల్చునప్పుడు ఎడ్లు మెడలు వంచి, గిట్టలు నేలకు ఊది లాగును. బండి సాగిన పిమ్మట ఆ యెడ్లే అలవోకగా నడచిపోవును. మోటారు కారు విషయమునను ఇదియే ధర్మము. కదలునప్పుడు దానికి బలము ఎక్కువగా కావలయును. సమతలమైన దారిని సాగిపోవునప్పుడు అంత బలముతో పనిలేదు. చక్రములు వేగముగా తిరిగిన చాలును. ఎద్దు అవసరమును బట్టి తన పట్టును పెంచుకొనగలదు. ఇంజను అట్లు చేయజాలదు. మిక్కిలి మెల్లగా తిరుగునప్పుడు బరువు మీద పడినచో అది ఆగిపోవును. ఈ లోపమును తీర్చుటకు ఏర్పడినదే గేరుపెట్టె.

గేరుపెట్టెలో చిన్నవియు పెద్దవియునగు పళ్ల చక్రములుండును. పది పళ్లు గల చిన్న చక్రము ముప్పది పళ్లు గల పెద్ద చక్రమును త్రిప్పుచున్నదనుకొందము. చిన్నది మూడు చుట్లు తిరిగినగాని పెద్దది ఒక చుట్టు తిరుగదు. వేగము మూడవ వంతునకు తగ్గును. త్రిప్పెడి బలము ఇంచుమించు మూడు రెట్లగును. వేగము నిచ్చి బలమును కొనుట, బలము నిచ్చి వేగమును కొనుట, ఇదియే గేరులు చేయు వ్యాపారము. రెండును ఒక్కసారిగా లభింపవు.

ఇంగ్లండు దేశమున ఆక్స్‌ఫర్డు నగరమునకు సమీపమున ఆబింగ్డన్ అను పట్టణము కలదు. అచ్చటి కర్మాగారమున 1962 మొదలుకొని 1980 వఱకు ఎం.జి.బి. అను స్పోర్ట్స్ కారు తయారైనది. ఈ రకపు కార్లు 5 లక్షలకు పైగా వెలువడినవి. దాని ఇంజను పరిమాణము 1,798 ఘన సెంటీమీటర్లు. మన దేశమున ఉత్తరపారాలో 2014 వఱకు తయారైన అంబాసిడర్ కారులో చిరకాలము వాడబడిన 1,489 ఘన సెంటీమీటర్ల ఇంజనును, ఇదియు ఒకే కుటుంబమునకు చెందినవి.

ఎం.జి.బి. ముందునకు పోవుటకు గల గేరులు నాలుగే. మొదటి గేరులో ఇంజను సుమారు 14 చుట్లు తిరిగిన వెనుక చక్రము ఒక చుట్టు తిరుగును. నాలుగవ గేరులో ఇంచుమించు 4 చుట్లు చాలును. వంకరలు తిరిగిన పల్లెదారులకు ఈ యేర్పాటు సరిపోయెను. కాని 1959లో ఎం-1 అను విశాలమైన రహదారి బ్రిటనులో ప్రారంభమైనది. క్రమముగా అట్టి రహదారులు పెరిగినవి. వానిపై గంటల తరబడి ఒకే వేగముతో పోవలసివచ్చును. గంటకు 100 కిలోమీటర్ల వేగమున నాలుగవ గేరులో ఎం.జి.బి. ఇంజను నిమిషమునకు సుమారు 3,450 చుట్లు తిరుగును. రొద చెవులకు బాధ కలిగించును. పెట్రోలు ఎక్కువ ఖర్చగును. కొందరు కొనుగోలుదారులు అదనపు మూల్యము చెల్లించి ఓవర్‌డ్రైవ్ అను ఉపకరణమును గేరుపెట్టె వెనుక అమర్పించుకొనిరి. ఆ ఉపకరణము లేని కార్లకు నేడు పెక్కుమంది అయిదు గేరుల పెట్టెను అమర్చుచున్నారు.

దీనికి మఱియొక కారణము కూడ కలదు. వేర్వేరు వేగములతో తిరుగుచున్న భాగములను బలవంతముగా కలిపినచో వాని పళ్లు ఒకదానినొకటి గీచుకొని కీచుమనును. కలియుటకు ముందే వాని వేగములను సమానము చేయు ఏర్పాటునకు సింక్రోమెష్ అని పేరు. 1928లో కాడిలాక్ కార్లలో ఇది ప్రవేశపెట్టబడినది. అయినను 1967 వఱకు వచ్చిన ఎం.జి.బి. కార్లలో మొదటి గేరునకు ఈ సౌకర్యము లేదు. కారు కదలుచుండగా ఆ గేరు వేయుటకు చోదకునకు మంచి నేర్పు కావలసియుండెను.

ఇట్టి మార్పునకు విరివిగా వాడబడునది ఫోర్డ్ సంస్థవారి టైప్ 9 గేరుపెట్టె. 1982లో వెలువడిన సియెరా కారులో ఇది కలదు. దీని నాలుగవ గేరులో ఇంజనును, గేరుపెట్టె నుండి వెలువడు దండమును సమానముగా తిరుగును. అయిదవ గేరులో ఇంజను 82 చుట్లు తిరుగునప్పటికి ఆ దండము 100 చుట్లు తిరుగును. కావున మునుపటి 100 కిలోమీటర్ల వేగమునకే ఇప్పుడు నిమిషమునకు సుమారు 2,830 చుట్లు చాలును. ప్రతి నిమిషమును 600 చుట్లకు పైగా ఇంజనునకు శ్రమ తప్పినది.

అయితే పాత పెట్టెను తీసి క్రొత్తదానిని పెట్టినంతమాత్రమున పని ముగియదు. ఒక యంత్రభాగము మారినచో దాని ఇరుగుపొరుగు భాగములన్నియు దానికి అనుకూలింపవలయును. మొదట ఇంజనును గేరుపెట్టెతోగూడ గొలుసు కప్పీతో పైకెత్తుదురు. ఫోర్డ్ పెట్టె మఱలరంధ్రములు ఎం.జి.బి. ఇంజను రంధ్రములతో కలియవు. కావున రెండింటికిని నడుమ క్లచ్‌ను కప్పియుంచు గంట ఆకారపు డిప్పను క్రొత్తగా పోతపోసినది తెచ్చి బిగింతురు. ఇది వెంట్రుకవాసి ప్రక్కకు జరిగినను ఇరుసులు ఒకే వరుసలో నుండక బేరింగులు చెడును. క్లచ్ పలక నడుమ గల గాళ్లు క్రొత్త ఇరుసు గాళ్లకు సరిపోవలయును. ఆ యిరుసు కొనను మోయు చిన్న లోహపు గొట్టమును ఇంజను వైపున మార్పవలయును. చక్రములకు శక్తిని కొనిపోవు పొడవైన ప్రొపెల్లర్ షాఫ్టును క్రొత్త కొలతకు చేయించి, తూకము సరిచూడవలయును. అది నిమిషమునకు వేలకొలది చుట్లు తిరుగునది. తూకము తప్పినచో కారంతయు అదరును. తుదకు వేగమును చూపు మీటరును సరిచేసి, ఆ పెట్టెకు తగిన నూనె పోయుదురు.

ఇంత చేసినను అయిదవ గేరు ఇంజనునకు క్రొత్త బలము నీయదు. ఎత్తు ఎక్కునప్పుడు చోదకుడు మరల నాలుగవ గేరునకో, మూడవ గేరునకో దిగవలసినదే. వేగమునకును బలమునకును గల పాత ఒప్పందము ఇచ్చటను మారదు.

ఇట్టి మార్పు తగునా యను ప్రశ్న కలదు. పాత వస్తువు ఎట్లు తయారైనదో అట్లే యుండవలెననియు, ఒక్క మఱ మారినను అది చరిత్రకు సాక్ష్యము కాజాలదనియు కొందరి మతము. చావడిలో నిలిపి గుడ్డ కప్పిన కారు కారే కాదనియు, దారిలో తిరిగినప్పుడే దానికి జీవమనియు మఱికొందరి మతము. రెండింటను సత్యము కలదు. 1966లో స్థాపింపబడిన ఫివా అను అంతర్జాతీయ సంస్థ చారిత్రక వాహనముల సంరక్షణకై పాటుపడుచున్నది. చేసిన మార్పును మరల తొలగించి పూర్వస్థితికి తెచ్చుటకు వీలుండవలెనని సంరక్షకులు కోరుదురు. అందువలన వివేకియైన పనివాడు కారు అడుగుపలకను కోయడు. పాత రంధ్రములనే వాడుకొనును. తీసిన నాలుగు గేరుల పెట్టెకు నూనె పూసి, చీటీ కట్టి భద్రపఱచును. తరువాతి యజమాని కోరినచో అది మరల తన చోటికి చేరగలదు.

పూర్వులు చేసిన వస్తువును వాడుకొనుటకు మనకు హక్కు కలదు. మన తరువాతివారికిని ఆ హక్కు మిగులునట్లు దానిని మార్చుటయే నిజమైన పనితనము.