సరస్సు అడుగున చెఱపడిన నీరు

వేసవిలో చెఱువు అడుగంటిన పిమ్మట పొలములకు ఒండుమట్టి తోలించుట మీ యెఱుకలోనిదే. తడి యాఱనిచోట మూరెడు లోతు త్రవ్వినచో నల్లని మట్టియు, క్రుళ్ళిన గ్రుడ్డు వాసనయు వెడలును. పైనున్న నీటికి ఆ నలుపు లేదు, ఆ వాసన లేదు.

కారణ మేమనగా, ఆకులు, నాచు, చచ్చిన పురుగులు మట్టితోబాటు అడుగున చేరును. వానిని తిను సూక్ష్మజీవులు మొదట నీటిలోని ప్రాణవాయువును వాడుకొనును. అది తీరగనే ఇనుపత్రుప్పులో నున్నదానిని, పిదప గంధక లవణములలో నున్నదానిని లాగుకొనును. ఆ దుర్వాసన గంధకముది. ఆ నలుపు గంధకము ఇనుముతో కూడుటవలన గలిగినది. అదియు నిండుకొన్నచోట మీథేనను మండెడు వాయువు పుట్టును. మన పల్లెలలో పేడనుండి తీయు గోబరు వాయువునందు మండునది యిదియే.

ఇది మూరెడు మట్టి మాట. సైబీరియాలోని బైకాలు సరస్సు 1,642 మీటర్ల లోతుగలది. ప్రపంచమున ఇంతకంటె లోతైన సరస్సు లేదు. దాని నీరు మిక్కిలి తేట. లీటరునకు లవణములు సుమారు 100 మిల్లీగ్రాములే. ప్రాణవాయువు అడుగువఱకు దిగును. ఆ తేటదనమును చూచి అడుగుమట్టిని ఊహించువాడు పొరపడును. 1997లో, గడ్డకట్టిన సరస్సున బిగిసియున్న పడవనుండి, 1,428 మీటర్ల నీటిక్రింద బోరు దించిరి. సరస్సు అడుగునకు 121 మీటర్ల క్రిందను, 161 మీటర్ల క్రిందను మట్టిలో మంచువంటి స్ఫటికములు దొరకెను. నిప్పు చూపిన మండు మంచు! నీటి యణువులు పంజరమువలె అల్లుకొని నడుమ మీథేనును బంధించినవి. చలియు, పైనీటి బరువును ఉన్నంతవఱకే ఆ పంజరము నిలుచును.

ఇందు నాకు మిక్కిలి వింతయైనది వేఱొకటి గలదు. పంజరము కట్టుకొను నీరు ఉప్పును లోనికి రానీయదు. వెలికి త్రోయబడిన యుప్పు ఏండ్ల తరబడి దూరముగా ప్రాకిపోవును. తరువాత మట్టిని పైకి తీయుచుండగా స్ఫటికము కరగెనేని, ఆ తేటనీరు కలిసి అచ్చటి ఉప్పదనము తగ్గును. మంచు కంటబడకున్నను నీరే సాక్ష్యము చెప్పునన్నమాట. 2006లో మన కృష్ణా గోదావరుల ముఖద్వారముల కెదుటి సముద్రపుటడుగున ఇట్టి మంచు దొరకినపుడు, అది యెంత కలదో లెక్కగట్టుటకు ఈ యుప్పు తగ్గుదలయు నొక ఆధారమయ్యెను.

బైకాలు మీద శీతకాలమున బండ్లు నడచును. అడుగుమట్టినుండి వాయువు బుడగలై లేచుచోట, లోతున నున్న కొంచెము వెచ్చని నీరు వానివెంట పైకి వచ్చి మంచును క్రిందనుండి తినివేయును. పైన చూచిన అంతయు గట్టిగనే యుండును. అట్టిచోట బరువు మోపిన బండి నేరుగా నీట దిగబడును.