గోదాలో గాయనీమణులు: సత్యమా, క్షేమమా?

నాటకరంగమున కత్తి దూసినవాడు ఎదుటివానిని నిజముగా పొడువడు. పొడిచెనేని అది నాటకము గాదు, నేరము. అయినను ఆ కత్తి దూయుటయందు వాడిమి లేకున్నచో చూచువారు నవ్విపోవుదురు. కావున నటనయందు నిజమెంత యుండవలెను, క్షేమమెంత యుండవలెను అను ప్రశ్న ప్రతి రంగస్థలమునను పుట్టుచునేయున్నది. జపానుదేశమున ఇటీవల జరిగిన యొక వింత ప్రయత్నము ఈ ప్రశ్నను మిక్కిలి స్పష్టముగా మనముందు నిలిపినది. దానినిగూర్చి మా చదువరులకు కొన్ని సంగతులు తెలుపదలచితిమి.

జపానువారు పాడుచు నాడుచు జనులను రంజింపజేయు యువతీ యువకులను ‘ఐడల్’ అను ఆంగ్లపదముతోనే పిలిచెదరు. ఆ పదమునకు విగ్రహమని యర్థమైనను, ఇచ్చట అభిమానపాత్రులని గ్రహింపవలెను. అట్టి గాయనీబృందములలో ప్రసిద్ధి కెక్కినది 2005వ సంవత్సరమున టోక్యో నగరమున వెలసిన ఎ.కె.బి.48. నగోయాలోని ఎస్.కె.ఇ.48, ఫుకుఒకాలోని హెచ్.కె.టి.48 అనునవి దీని సోదరీబృందములు. 2017 జనవరిలో టీవీ అసాహి సంస్థవారు ఈ బృందములలోని కన్యలు పాత్రధారిణులుగా ‘టోఫు ప్రో రెజ్లింగ్’ అను ధారావాహిక నాటకమును ప్రసారము చేయనారంభించిరి. టోఫు యనగా సోయాగింజల పాలను విరిచి చేయు మెత్తని జున్నువంటి పదార్థము. మెత్తని టోఫునకును కఠినమైన కుస్తీకిని పొత్తు కుదుర్చుటయే ఆ పేరులోని చమత్కారము.

ఇంతవరకు వింత యేమియు లేదు. యంత్రము ముందర నటించునపుడు తప్పు జరిగినచో మరల తీయవచ్చును. ఒక దెబ్బను పది ముక్కలుగా తీసి అతుకవచ్చును. కాని ఆ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన వారు టోక్యోలోని కొరాకుఎన్ హాలునందు ప్రేక్షకుల యెదుట నిజముగానే గోదాలోనికి దిగిరి. మరల 2018 ఫిబ్రవరి 23వ తేదీన నగోయాలోని ఐచి వ్యాయామశాలయందును అట్లే చేసిరి. సకురా మియవాకి, జురినా మత్సుయి మొదలగు పేరుపొందిన గాయనులు మారుపేర్లు ధరించి పోరిరి. ఇచ్చట అతుకులకు తావు లేదు. పడినవారు పడినట్లే కానవత్తురు.

ఈ కుస్తీ యెట్టిదో మొదట తెలిసికొనవలెను. మన గ్రామముల గోదాలలో జరుగు కుస్తీయందు గెలుపు బలమును బట్టియు పట్టును బట్టియు వచ్చును. ముందుగా నెవ్వరికిని తెలియదు. జపానులో ‘ప్రోరెసు’ అనబడు రంగస్థల కుస్తీయందో, ఎవరు గెలువవలెనో నిర్వాహకులు ముందే నిశ్చయింతురు. పోరువా రిద్దరును పగవారు గారు. ఒక కథను కలిసి చెప్పు జతగాండ్రు. ఇది విని కొందరు ‘అంతయు బూటకమే’ యని తీసివేయుదురు. అది తొందరపాటు. పగ నటనయే గాని పడుట నటన గాదు. గోదా యనునది ఇనుపచట్రముపై పలకలు పరచి, వానిపై పలుచని మెత్త వేసి, గట్టిగుడ్డ బిగించి కట్టిన వేదిక. దానిపై వెల్లకిల పడిన శరీరమునకు భూమ్యాకర్షణశక్తి యే రాయితీయు నొసగదు.

జపానులో పాటకును ఈ కుస్తీకిని చుట్టరికము క్రొత్తది గాదు. 1976వ సంవత్సరమున జాకీ సాతో, మాకీ ఉఎదా అను నిరువురు యోధురాండ్రు ‘బ్యూటీ పెయిర్’ అను పేరుతో జతగూడి, గోదాలోనే నిలిచి పాటలు పాడిరి. వారి నభిమానించినవారిలో అధికులు పాఠశాల బాలికలే. తరువాత 1980–90 నడుమ చిగుసా నాగయో, లయనెస్ ఆసుకా అను జంట ‘క్రష్ గాల్స్’ అను పేర అంతకు మించిన కీర్తి గడించినది. వీరందరును మొదట కుస్తీ నేర్చి పిదప పాడినవారు. 2017లో జరిగినది దీనికి విలోమము: మొదట పాడనేర్చినవారు పిదప కుస్తీకి దిగిరి. చిక్కంతయు ఇచ్చటనే కలదు. పాట శ్రుతి తప్పినచో చెవికి మాత్రమే బాధ. కుస్తీ శ్రుతి తప్పినచో మెడ విరుగును.

ఇట్టి ప్రయత్నమునకు రెండు వైపులనుండి ఆక్షేపణ లుండుట సహజము. కుస్తీప్రియులు ‘ఏండ్లతరబడి దేహమును అరగదీసికొన్నవారి విద్యను ఈ సుకుమారులు కొలదిమాసములలో అపహాస్యము చేయరాదు, దెబ్బలలో నిజము లేనిచో మాకు వలదు’ అందురు. గాయనుల అభిమానులో ‘ఆ బాలికలు రేపు మరల పాడవలెను, ఆడవలెను, వారి మొగముపై గాటు పడినచో బాధ్యులెవ్వరు?’ అందురు. మొదటివారు నిజమును, రెండవవారు క్షేమమును కోరుచున్నారు. ఇవి త్రాసునందలి రెండు తట్టలవంటివనియు, ఒకటి దిగినచో రెండవది లేచుననియు ఉభయులును తలంచుచున్నారు. మా యభిప్రాయమున ఆ తలంపే సరికాదు. ఈ విద్యయందు క్షేమమే నిజమునకు పునాది.

దీనికి తార్కాణము వారి శిక్షణయందే కలదు. ఆ నాటకమునకు కుస్తీ నేర్పినవాడు మిలానో కలెక్షన్ ఎ.టి. అను రంగనామముగల పూర్వయోధుడు. ఈయన కంటికి తగిలిన గాయముచే 2010లో గోదాను విడువవలసి వచ్చినవాడు. ఒక్క గాయము ఒక జీవితవృత్తిని ఎట్లు తుదముట్టించునో తన శరీరముననే యెరిగిన గురువు దొరకుట ఆ బాలికల భాగ్యమని మేము తలంచెదము.

ఈ విద్యలో తొలిపాఠము కొట్టుట గాదు, పడుట. దీనిని జపాను భాషలో ‘ఉకెమి’ యందురు. ఇది జూడో విద్యయందును గలదు. వెల్లకిల పడునపుడు గడ్డమును రొమ్మునకు చేర్చి, చూపును తన నడుము వైపు నిలుపవలెను. అప్పుడు తల వెనుకభాగము నేలను తాకదు. వీపు పైభాగమంతయు ఒకేసారి నేల నంటవలెను. అదే క్షణమున చేతులను ప్రక్కలకు చాచి అరచేతులతో నేలను చరచవలెను. ఊపిరిని బయటికి విడువవలెను. దీని వెనుక నున్నది మన భౌతికశాస్త్రపు పాఠమే: ఒకే బలము కొలది స్థలముపై పడినచో ఒత్తిడి హెచ్చు, విశాలస్థలముపై పరచుకొన్నచో ఒత్తిడి తగ్గును. సూది గ్రుచ్చుకొనుటకును, అరచేయి గ్రుచ్చుకొనకుండుటకును కారణమిదియే.

ఇచ్చట గమనింపదగిన విశేష మొకటి కలదు. ప్రేక్షకుని ఒడలు జలదరింపజేయు ఆ ‘ధన్’ మను శబ్దము ఎచ్చటనుండి వచ్చుచున్నది? వీపంతయు ఒక్కసారి పలకల నంటుటచేతను, చేతులు నేలను చరచుటచేతను వచ్చుచున్నది. అనగా పడినవారిని కాపాడు కార్యమే చూచువారికి భయము గొల్పు శబ్దమును పుట్టించుచున్నది. బాగుగా పడనేరనిదాని పాటు అపాయకరమైనది మాత్రమే గాదు. చూచుటకును పేలవముగా నుండును. భయముచే మోచేయి ముందు చాచును, మెడ బిగించును, ఎదుటివారికి తన బరువు నప్పగింపజాలదు. క్షేమము నేర్చినకొలది భయము తొలగును, భయము తొలగినకొలది నటన నిజమగును.

రెండవ పాఠము ఎదుటివారిని దించుట. ఎత్తి పడవేయునపుడు పైకెత్తినవారే క్రిందనున్నవారి తలకు కావలి. ఎత్తబడినవారును తామే కొంత యెగిరి తోడ్పడుదురు. ఈ పరస్పర విశ్వాసము లేనిచో ఆ విద్యయే లేదు. పాడునపుడు ప్రక్కవారి శ్వాసను కనిపెట్టి గొంతు కలుపుటకును, ఆడునపుడు అడుగు తప్పక కదలుటకును అలవడిన గాయనులకు ఈ భాగమున కొంత తోడ్పాటు కలిగియుండు ననుట అతిశయోక్తి గాదు.

మూడవది, ఏ దెబ్బను ఎంచుకొనవలె నను వివేకము. రంగస్థల కుస్తీయందలి దెబ్బలను మేము మూడు తరగతులుగా విభజింపగలము. రొమ్ముపై అరచేతితో చరచుట వంటివి నిజముగా మంటపుట్టించును, చర్మము కందును, కాని హాని స్వల్పము. చాచినచేతిని తప్పుకొనక పడిపోవుట వంటివి చూచుటకు భయంకరములు, ఉకెమి నేర్చినవారికి అపాయము తక్కువ. తలక్రిందుగా నెత్తి మెడమీద దించుట వంటివి చూచుటకును భయంకరములు, నిజముగాను భయంకరములు. మొదటి రెండు తరగతులతోనే గొప్పకథ చెప్పవచ్చును. మూడవదానిని కొలదిమాసముల శిక్షణగలవారిచేత చేయించుట నిజముపైగల ప్రీతి గాదు, నిర్దయ.

ఒక యుదాహరణము చెప్పెదము. 1985 ఆగస్టు 28వ తేదీన ఒసాకా నగరమున చిగుసా నాగయోకును, ప్రతినాయిక పాత్ర ధరించు డంప్ మత్సుమోతోకును పోరు జరిగినది. ఓడినవారు తల గొరిగించుకొనవలెనని పందెము. నాగయో ఓడెను. వేలకొలది బాలికలు కన్నీరు గార్చుచుండగా గోదాలోనే ఆమె తల గొరిగిరి. నలుబది సంవత్సరములు గడచినను జపానువారు దానిని మరువలేదు. 2024లో నెట్‌ఫ్లిక్స్ సంస్థవారు ఆ కాలపు కథను ధారావాహికగా తీయగా, నటీమణులకు కుస్తీ నేర్పినది ఆ నాగయోయే. విచారించి చూడుడు: ఆనాటి నష్టము నిజమైనదే; ఆ యవమానమును నిజమే. కాని పోయినది తిరిగి మొలచు వెండ్రుక మాత్రమే. రంగస్థలమున నిజమును చూపగోరువారు తిరిగి రాగల దానినే పణముగా నొడ్డవలెను.

తిరిగి రానిదానిని ఒడ్డినచో నేమగునో తెలుపు ఘటనలును గలవు. 1997 ఆగస్టు 15వ తేదీన హిరోషిమాలో జరిగిన పోరునందు ప్లమ్ మారికో అను యోధురాలు స్పృహ దప్పి, మరునాడు మరణించెను. ఆమె వయస్సు 29 సంవత్సరములు. 2009 జూన్ 13వ తేదీన ఆ నగరముననే, పడుటయందు మేటియని పేరుగాంచిన మిత్సుహారు మిసావా వెనుకకు ఎత్తివేయబడి ప్రాణములు గోల్పోయెను. కావున ఉకెమి కవచమే గాని వరము గాదు. ఎంత నేర్చినను మిగులు అపాయము కొంత యుండనే యుండును. అందుచేతనే దానిని అనవసరముగా హెచ్చింపరాదు.

వేరొక విధమైన కీడును గలదు. 2015 ఫిబ్రవరి 22వ తేదీన, పై గాయనులు పిమ్మట పోరిన కొరాకుఎన్ హాలునందే, పూర్వము రంగస్థల నటియైన ఆక్ట్ యసుకావాపై ఎదుటి యోధురాలు ఒడంబడికను మీరి నిజముగా పిడిగ్రుద్దులు కురిపించెను. యసుకావా చెంప, ముక్కు, కనుగూటి యెముకలు విరిగినవి. పోటీ మధ్యలోనే నిలిపివేయబడినది. కొట్టినయామె బిరుదును గోల్పోయెను. దెబ్బతిన్నయామె ఆ సంవత్సరాంతముననే గోదాను విడిచెను. ‘నిజమైన దెబ్బలే కావలె’ నను వారు ఈ దినమును తలచుకొనవలెను. ఆనాడు దెబ్బలన్నియు నిజములే; కాని కుస్తీ మాత్రము మొదటి గ్రుద్దుతోనే యంతమైనది. విశ్వాసము పోయినచోట మిగిలినది దౌర్జన్యమే.

ఇక సుకుమారులు ఈ విద్యకు తగరను మాటకు కాలమే ప్రత్యుత్తర మొసగినది. ‘అప్ అప్ గర్ల్స్’ అను గాయనీబృందమునకు చెందిన కుస్తీశాఖవారు 2018 జనవరి 4వ తేదీన కొరాకుఎన్ హాలునందు తొలిసారి పోరిరి. వారిలో నొకతెయగు మియు వతనాబె 2024 మార్చి 31వ తేదీన రియోగొకు క్రీడామందిరమున తన సంస్థయొక్క అత్యున్నత బిరుదును గెలిచెను. నడుమ ఆరు సంవత్సరములు గడచినవి. ఎస్.కె.ఇ.48లో గాయనిగా నుండుచునే యుకి అరయి 2021 మే 4వ తేదీన వృత్తికుస్తీలో ప్రవేశించెను. గాయని యోధురాలు కాగలదు. ఒక్క వారములో కాజాలదు. విజయము ముందే నిశ్చయింపబడినదైనను, ఆ విజయమునకు అర్హురాలగుట ఎవ్వరును ముందుగా నిశ్చయింపజాలరు.

తుదకు ఈ ప్రశ్న గోదాలోనివారినిగాక బల్లలపై కూర్చున్న మనలను తగులుచున్నది. అమ్మకము కొనువారి కోర్కెను బట్టియే యుండును. ప్రేక్షకుడు నెత్తురు చూచి చప్పట్లు కొట్టినచో నిర్వాహకుడు మరునాడు మరికొంత నెత్తురు చూపును. చక్కగా పడుటకును, చక్కగా కాపాడుటకును చప్పట్లు కొట్టినచో ఆ విద్యయే వృద్ధి పొందును. చూచువాని రుచియే ఆడువాని ప్రాణమునకు కావలి.

విద్యార్థులారా, మీకొక ముఖ్యమైన మాట. తెరపై చూచిన పట్టులను తరగతిగదిలోను ఆటస్థలమునను తోటివారిపై ప్రయోగింపకుడు. మీకు కనబడునది ఒక్క నిమిషపు పాటు. కనబడనిది దాని వెనుకనున్న వేల పాట్లు. తలకు దెబ్బ తగిలి మైకము, వాంతి, మతిమరుపు కలిగినవానిని మరల ఆటకు దింపక పెద్దలకును వైద్యునికిని తెలుపుడు. మొదటి దెబ్బ మానకమునుపే తగులు రెండవ దెబ్బ మెదడునకు మిక్కిలి ప్రమాదకరము. ధైర్యమనగా ఎదుటివానిని పడవేయుట యని పలువురి తలంపు. తన చేతులలోనికి నమ్మి యెగిరినవానిని చెక్కుచెదరకుండ నేలకు దించుట అంతకంటె గొప్ప ధైర్యమని ఆ గాయనులు నేర్చిన పాఠము. అది గోదాకు వెలుపలను పనికివచ్చునదే.